కెనడాలో బాస్ వాయించేవాళ్లు లేరా?

జాజ్ వినేవాళ్లు నలుగురు చేరిన చోట తిరిగే మాట ఒకటి ఉంది. ఈ మధ్య దాన్ని ఎవరో వరుసగా పేర్చి పెట్టారు, చూసినవాళ్లు చూసినట్టే పంచుకుంటున్నారు. సారాంశం ఇది. జాజ్‌కు కెనడా ఇచ్చింది ఆస్కార్ పీటర్సన్‌ను, డయానా క్రాల్‌ను, మహా అయితే పాల్ బ్లేను. ముగ్గురూ పియానో వాళ్లే. డబుల్ బాస్ అనే మంద్ర వాద్యంలో (క్లుప్తంగా బాస్) చెప్పుకోదగ్గ మనిషి లేడు. ఉన్నవాళ్లు అమెరికా నుంచి వచ్చే విద్వాంసులకు ఆ పూటకు కుదిరిన పక్కవాద్యం వాళ్లు. నిజంగా సత్తా ఉంటే న్యూయార్క్ వెళ్లి ఉండేవాళ్లు. కాస్త పేరున్న చార్లీ బిడిల్ అసలు కెనడావాడే కాదు. అయినా, లయ పట్టుకోవడం తప్ప బాస్‌లో విడిగా వినడానికి ఏముంది?

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని భుజాల మీద నిలబడ్డవే.

డబుల్ బాస్ మనిషి ఎత్తును మించిన వాద్యం. నాలుగు తీగలు. అన్నిటికంటే మంద్రంగా పలికే తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఫోనుకు ఉండే గోరంత స్పీకరు ఆ స్థాయిని పలికించలేదు. పైనున్న అనుస్వరాలను, అంటే ఆ స్వరంతోపాటు సన్నగా మోగే హెచ్చు స్వరాలను పట్టుకుని, కింద ఏదో ఉండి ఉంటుందని మన చెవి ఊహించుకుంటుంది, అంతే. అందుకే బాస్‌లో ఏముందని అడిగేవారిని నేను తిరిగి అడిగేది ఒకటే: దేనిలో విన్నారు? నేనూ చాలా కాలం ఫోనులోనే విన్నాను, నాకూ ఏమీ వినిపించలేదు. ఒకసారి మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాక తెలిసింది, అంతకు ముందు నేను విన్నది పాటలో సగమేనని.

రికార్డింగ్ యంత్రాలు కూడా ఈ వాద్యానికి న్యాయం చేయలేదు. దీనికి పెద్ద సాక్ష్యం కెనడాలోనే ఉంది. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్‌లో చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ, బడ్ పావెల్, మాక్స్ రోచ్, చార్లెస్ మింగస్ అనే అయిదుగురు జాజ్ ఉద్దండులు కలిసి కచేరీ చేశారు. ఆ రాత్రి టేపులో మింగస్ బాస్ సరిగా పడలేదు. ఆయన న్యూయార్క్ తిరిగి వెళ్లి, స్టూడియోలో కూర్చుని తన భాగాన్ని మళ్లీ వాయించి టేపుకు కలిపి రికార్డు విడుదల చేశారు. మింగస్ కాబట్టి, రికార్డు కంపెనీలో కూడా ఆయనకు భాగం ఉంది కాబట్టి అది కుదిరింది. ఆ రోజుల్లో మిగతా బాస్ వాద్యకారులకు ఆ వీలు లేదు. టేపులో ఎంత పడితే అంతే వాళ్ల కీర్తి.

ఇక లయ సంగతి. మన కచేరీలో శ్రుతి చూడటానికి తంబురా ఉంది, లయ చూడటానికి మృదంగం ఉంది. జాజ్‌లో బాస్ ఈ రెండు పనుల్లోనూ చేయి వేస్తూ మూడోదాన్ని కూడా నెత్తిన పెట్టుకుంటుంది. పియానో ఒకేసారి మోగించే స్వరాల గుత్తి ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతూ పోతుంటే, ఆ మార్పుల మధ్య తాళానికి నాలుగు స్వరాల చొప్పున నడుస్తూ దారి వేస్తుంది. ఏ నాలుగు స్వరాలన్నది కాగితం మీద ఉండదు. అప్పటికప్పుడు ఎంచుకోవాలి. ఆ ఎంపిక మారితే పైన సాక్సొఫోన్ వాయించేవారి ఆలోచన కూడా మారిపోతుంది. దీన్ని మనోధర్మం అనకపోతే ఇంకేమనాలి?

ఇప్పుడు 'ఆ పూటకు కుదిరినవాళ్లు' అన్న మాటకు వద్దాం. ఇందులో పద్ధతి వరకు నిజమే. 1970లలో టొరంటో క్వీన్ స్ట్రీట్ వెస్ట్‌లో బర్బన్ స్ట్రీట్ అనే జాజ్ క్లబ్ ఉండేది. బయటి నుంచి ఒక పెద్ద విద్వాంసుణ్ణి రప్పించేవారు, వెనక వాయించేవాళ్లు ఊళ్లోవాళ్లు. అలా 1975 జూన్‌లో గిటార్ వాద్యకారుడు జిమ్ హాల్ వచ్చారు. బాస్ మీద డాన్ థామ్సన్, డ్రమ్స్ మీద టెరీ క్లార్క్, ఇద్దరూ కెనడావాళ్లే. ఆ రాత్రుల నుంచి వచ్చిన 'లైవ్!' రికార్డును గిటార్ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ పాఠంలా వింటారు. వినేది గిటార్ కోసమే, ఒప్పుకుంటాను. అయితే అందులో పియానో లేదన్న సంగతి గమనించండి. హాల్ స్వరాల గుత్తులు మానేసి ఒంటి తీగ మీద సన్నని గీతలా పాట గీస్తున్నప్పుడు, ఆ పాట ఏ మెట్టు మీద ఉందో మనకు చెప్పేది బాస్ ఒక్కటే. థామ్సన్ అక్కడ తడబడితే ఇల్లు కూలిపోతుంది. కూలదు సరికదా, హాల్ ఇంకా సాహసించి ఇంకా తక్కువ వాయిస్తారు. పక్కవాడి మీద నమ్మకం కుదిరితే తప్ప ఎవరూ అంత తక్కువ వాయించరు.

ఆ పూటతో ముగిసిన పొత్తు కూడా కాదిది. మరుసటి ఏడాది హాల్ ఈ ఇద్దరినీ వెంటబెట్టుకుని జపాన్ వెళ్లారు, అక్కడా రికార్డు చేశారు. 1975 నాటి టేపుల్లో మిగిలినవి 2012లో మరి మూడు భాగాలుగా వెలువడ్డాయి. ముప్పై ఏడేళ్ల తర్వాత కూడా విడుదల చేయదగ్గదిగా తోచిన సంగీతాన్ని అద్దె వాయింపు అనడానికి నాకైతే నోరు రాదు.

అదే 1975లో, అదే క్లబ్‌లో సాక్సొఫోన్ విద్వాంసుడు పాల్ డెస్మండ్ కూడా వాయించారు, అదీ రికార్డుగా వచ్చింది. గిటార్ ఎడ్ బికర్ట్, డ్రమ్స్ జెరీ ఫుల్లర్, బాస్ మళ్లీ థామ్సనే. ఇక్కడా పియానో లేదు. డెస్మండ్ స్వరం మంచులో నడిచినట్టు మెత్తగా ఉంటుంది, కింద నేల గట్టిగా లేకపోతే అది గాలిలో కలిసిపోతుంది. డెస్మండ్ 1977లో కన్నుమూశారు. ఆయన చివరి కాలపు వాదనంలో ఎంతోమందికి ఇష్టమైన ఈ రికార్డులో ఆయన తప్ప మిగతా బృందమంతా టొరంటోదే.

ఆస్కార్ పీటర్సన్‌ను చూపించి బాస్ వాళ్లను కొట్టివేయడం నాకు మరీ విచిత్రంగా అనిపిస్తుంది. బాస్ విషయంలో పీటర్సన్ కంటే పట్టుదల ఉన్న మనిషి జాజ్‌లో అరుదు. అమెరికా బాస్ దిగ్గజం రే బ్రౌన్ పక్కన ఏళ్ల తరబడి వాయించిన చెవి ఆయనది. ఆ చెవికి విన్నిపెగ్‌లో పుట్టిన డేవ్ యంగ్ నచ్చారు, మాంట్రియల్‌వాసి మిషెల్ డొనాటో నచ్చారు. వెనక్కి వెళితే, 1940ల చివర మాంట్రియల్‌లోని అల్బర్టా లౌంజ్ అనే క్లబ్‌లో పీటర్సన్ ఇంకా ఊరు దాటని రోజుల్లో ఆయన త్రయంలో బాస్ వాయించినది ఆజీ రాబర్ట్స్. 1949లో పీటర్సన్ కార్నెగీ హాల్ వేదికెక్కి ప్రపంచానికి తెలిశారు. ఆజీ పేరు మాత్రం మాంట్రియల్‌లోనే ఉండిపోయింది.

డేవ్ యంగ్ గురించి ఇంకొంచెం చెప్పాలి, నాకు ఆయనంటే పక్షపాతం. ఆయన ఎడ్మంటన్, విన్నిపెగ్, హామిల్టన్ ఆర్కెస్ట్రాలలో ప్రధాన బాస్ వాద్యకారుడిగా పనిచేశారు. అంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి కమాను పట్టిన చేతితోనే రాత్రి క్లబ్బులో వేళ్లతో తీగలు మీటేవారు. జాజ్‌లో చాలామంది బాస్ వాద్యకారులకు కమాను పడితే శ్రుతి కాస్త అటూ ఇటూ పోతుంది. యంగ్ కమాను తీసినప్పుడు సెల్లో వింటున్నట్టే ఉంటుంది. 1990లలో 'టూ బై టూ' పేరుతో ఆయన వరుసగా చేసిన రికార్డుల్లో ఉన్నది బాస్, పియానో మాత్రమే. డ్రమ్స్ కూడా లేవు, దాక్కోవడానికి చోటే లేదు. ఎదురుగా కూర్చున్న పియానో వాళ్లలో పీటర్సన్, టామీ ఫ్లానగన్, కెనీ బారన్ ఉన్నారు. మొదట ఒక్క బాస్ గొంతే పట్టుకుని వినండి, పియానోను రెండోసారికి వదిలేయండి.

'సత్తా ఉంటే న్యూయార్క్ వెళ్లేవాళ్లు' అన్నది వినడానికి తర్కంలా ఉంటుంది. వెళ్లినవాళ్ల కథ చూస్తే అందులో ఎంత గాలి ఉందో తెలుస్తుంది. బాస్ వాద్యకారుడు హాల్ గేలర్ మాంట్రియల్‌లో పుట్టి అమెరికా వెళ్లారు. డ్రమ్స్ విద్వాంసుడు చికో హామిల్టన్ బృందంలో వాయించారు, గాయకుడు టోనీ బెనెట్ వెనక వాయించారు. 1958 నాటి అమెరికా న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం మీద తీసిన ప్రసిద్ధ డాక్యుమెంటరీలో చికో హామిల్టన్ బృందం కనిపిస్తుంది. చూసినవాళ్లందరూ సాక్సొఫోన్ విద్వాంసుడు ఎరిక్ డాల్ఫీని గుర్తుపడతారు, చికోను గుర్తుపడతారు. బాస్ పట్టుకున్న గేలర్‌ను అడిగి చూడండి, ఎంతమంది చెబుతారో. ఊరు మారినా పేరు వెలగలేదంటే, లోపం ఆయన ఉన్న ఊరిదా, మనం వినే తీరుదా?

థామ్సన్ కూడా వెళ్లినవారే. బ్రిటిష్ కొలంబియాలోని పావెల్ రివర్‌లో 1940లో పుట్టి, వాంకూవర్‌లో ఎదిగి, సాక్సొఫోన్ విద్వాంసుడు జాన్ హాండీ బృందంతో కాలిఫోర్నియాలోని 1965 మాంటెరే జాజ్ ఉత్సవంలో వాయించారు. ఆ కచేరీ రికార్డు అమెరికాలో సంచలనమే. పాతికేళ్ల వయసులో ఆ తలుపు తెరుచుకున్న మనిషి 1960ల చివర టొరంటోకు వచ్చి స్థిరపడ్డారు. అక్కడ స్టూడియోల పని ఉంది, రేడియో ఉంది, రాబ్ మెక్‌కానెల్ 1968లో పెట్టిన 'బాస్ బ్రాస్' అనే పెద్ద బృందం ఉంది. (ఆ బాస్ అంటే అధికారి, మన వాద్యం కాదు. తెలుగులో రాస్తే వచ్చే తంటా ఇది.) పియానో, లోహపు పలకల మీద కొట్టి మోగించే వైబ్రఫోన్ కూడా అంతే చక్కగా వాయించగలిగిన మనిషికి ఆ ఊళ్లో చేతినిండా పని. దాన్ని ఓటమి అని ఎలా అంటారు?

తర్వాత 1982 నుంచి కొన్నేళ్లు థామ్సన్ పేరున్న పియానో విద్వాంసుడు జార్జ్ షియరింగ్‌తో తిరిగారు. ఆయన వదిలాక ఆ స్థానంలోకి వచ్చినది నీల్ స్వెయిన్‌సన్, విక్టోరియాలో పుట్టినవారు. షియరింగ్‌కు ప్రపంచంలో ఎవరు కావాలంటే వారు వచ్చేవారు, ఆయన వరుసగా ఇద్దరు కెనడావాళ్లను ఎంచుకున్నారు. అదే స్వెయిన్‌సన్ 1987లో సొంత పేరుతో చేసిన రికార్డులో ట్రంపెట్ వుడీ షా, సాక్సొఫోన్ జో హెండర్సన్. ఇక్కడ నాయకుడు బాస్ వాద్యకారుడు, పక్కన కూర్చున్నవాళ్లు అమెరికా ఉద్దండులు. దాని పేరు '49త్ పారలల్', అంటే 49వ అక్షాంశం. రెండు దేశాల మధ్య సరిహద్దు చాలా దూరం ఆ అక్షాంశం మీదుగానే పోతుంది.

చార్లీ బిడిల్ కెనడావాడు కాడన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఆయన పుట్టింది ఫిలడెల్ఫియాలో, 1926లో. 1948లో ఒక బృందంతో మాంట్రియల్ వచ్చి అక్కడే ఉండిపోయారు, 2003లో అక్కడే పోయారు. బాస్ ఒక్కటే ఇల్లు గడపదని 1954 నుంచి 1972 దాకా పగలు కార్లు అమ్మారు, రాత్రి వాయించారు. 1979లో ఆ ఊళ్లో ఒక జాజ్ ఉత్సవం నడిపారు, మరుసటి ఏడాదే మాంట్రియల్ అంతర్జాతీయ జాజ్ ఉత్సవం మొదలైంది. 1981లో ఆయన పేరుతోనే క్లబ్ వెలిసింది. యాభై అయిదేళ్లు ఒక ఊరికి సంగీతం పెట్టిన మనిషిని జన్మపత్రం చూసి బయటికి పంపేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

తర్వాతి తరం లేదని కూడా కొందరు కలుపుతున్నారు. బాస్ వాయించే బ్రాండీ డిస్టర్‌హెఫ్ట్ మొదటి రికార్డుకే 2008లో కెనడా సంగీత పురస్కారమైన జూనో వచ్చింది. ఆమె న్యూయార్క్ వెళ్లారు. జోడీ ప్రాజ్నిక్ బ్రిటిష్ కొలంబియాలోనే ఉండి వాయిస్తున్నారు. ఇద్దరినీ వినండి, ఎవరు వెళ్లారో ఎవరు ఉండిపోయారో చెవికి తెలియదు.

ఆ పంచుకుంటున్న మాటలో నిజం బొత్తిగా లేదని అనను. వీళ్లు సొంత పేరుతో చేసినవాటిలో చాలా రికార్డులు టొరంటోలోని శాక్‌విల్, మాంట్రియల్‌లోని జస్టిన్ టైమ్ వంటి చిన్న కంపెనీలవి, దుకాణాల్లో వెతికితే గాని దొరికేవి కావు. అలాగని దేశం వీళ్లను మరిచిపోయిందని అభిమానులు కార్చే కన్నీళ్లు కూడా అతిశయోక్తే. యంగ్‌కు, థామ్సన్‌కు ఆర్డర్ ఆఫ్ కెనడా అనే జాతీయ గౌరవం దక్కింది. దక్కనిది వినేవాళ్ల నోట పేరు. ఆ డెస్మండ్ రికార్డు దొరికితే అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. డాన్ థామ్సన్ పేరు రెండు చోట్ల ఉంటుంది, ఒకటి బాస్ దగ్గర, రెండోది రికార్డు చేసినవారి దగ్గర. ఆ రాత్రులను టేపుకెక్కించినది కూడా ఆయనే. బహుశా అందుకేనేమో, ఆ రికార్డులో బాస్ స్పష్టంగా వినబడుతుంది.