ఒక్క కార్డు, మూడిళ్ళ పాఠకులు

ఉమ్మడి కుటుంబాలు పోయాయి, ఎవరి వంటిల్లు వాళ్ళది, ఎవరి ఫోను వాళ్ళది అని బాధపడే పెద్దమనుషులంతా ఒక్కసారి ఒడిశా బోర్డరులో ఉన్న మా పర్లాకిమిడి రండి. మేం పొలాలు పంచేసుకున్నాం, ఇంటి మధ్యలో గోడలు కట్టేసుకున్నాం, గ్యాసు బండలు విడివిడి, కరెంటు మీటర్లు విడివిడి, ఆఖరికి పెళ్ళిళ్ళలో చదివింపులు కూడా ఎవరి కవరు వాళ్ళే ఇచ్చుకుంటున్నాం. పంపకాలకి రాకుండా మిగిలిపోయిన ఆస్తి ఒక్కటే, మా మావయ్య పేరు మీదున్న లైబ్రరీ కార్డు. దాని మీద ఆధారపడి ప్రస్తుతం రెండు రాష్ట్రాల్లో మూడు ఇళ్ళు బతుకుతున్నాయి కాబట్టి ఈ విషయాన్ని దేశం కాస్త సీరియస్‌గా తీసుకోవాలని నా మనవి.

లైబ్రరీ కార్డుకి ఇంత రాద్ధాంతమేంటి, అడ్రసు ప్రూఫ్ ఇచ్చి, నాలుగు రూపాయలు డిపాజిట్ కట్టి ఎవరిది వాళ్ళు తీసుకోవచ్చు కదా అని హైదరాబాదులో కూచున్న వాళ్ళు అడుగుతారు. పాపం వాళ్ళ తప్పు లేదు, వాళ్ళ అడ్రసూ వాళ్ళ భాషా ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. మా సంగతి అది కాదు. మా ఇంటి అడ్రసుతో కార్డు వచ్చే చోట మా నాయనమ్మ చదవగలిగే పుస్తకాలు దొరకవు, నాయనమ్మ చదివే పుస్తకాలు ఉన్న చోట మా అడ్రసు చెల్లదు. మధ్యలో ఒక మహేంద్రతనయ ఏరు, ఒక బోర్డరు, అవతల బల్ల వెనకాల కూచుని మీది ఒడిశా కదండీ అనే ఒక మర్యాదస్తుడు.

అసలు మా ఊరు ఎక్కడికీ కదల్లేదండీ. 1936 మార్చి 31 రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని ఏప్రిల్ 1 పొద్దున్న ఒరిస్సాలో లేచింది, తారీకు చూసి ఎవరో ఆటపట్టిస్తున్నారని కొంతమంది అనుకుని ఉంటారు కూడా. వాడుక తెలుగు కోసం ఇక్కడ కూచునే పండితులందరితోనూ పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు ఆ ఏడే, డెబ్భై దాటిన వయసులో, ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతలు వెళ్ళలేదు, పొలాన్ని బండెక్కించడం కుదరదు కదా. తర్వాత 12 ఏళ్ళకి, 1948లో, మద్రాసు వాళ్ళు గ్రంథాలయ చట్టం చేశారు, స్వతంత్రం వచ్చాక దేశంలో అలాంటిది అదే మొదటిది, మేం అప్పటికే లైన్లోంచి బయటికొచ్చేశాం. ఒడిశా చట్టం 2001లో వచ్చింది. ఈలోగా మా నాయనమ్మ ఆరుగురిని కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసి, కళ్ళజోడు కూడా మార్చేసింది.

పోనీ ఎలాగోలా ప్రయత్నిద్దామంటే ఇంకో చిక్కుంది. ఇక్కడ ఫారాల్లో సర్‌నేమ్ అని ఒక గడి ఉంటుంది, దాంట్లో పేరుకి చివర ఏది తగిలితే అది రాసేస్తారు. అలా మా నాన్న రావు, అమ్మ దేవి, నేను కుమార్, చెల్లి కుమారి అయిపోయాం, మా అసలు ఇంటిపేరు ఒక్క పెళ్ళి శుభలేఖల్లోనే మిగిలింది. మా నాలుగు ఆధార్లూ వరసగా బల్ల మీద పెడితే ఏ ఆఫీసరుకైనా మేం ఒకే బస్సు దిగిన నలుగురు పాసింజర్లలా కనపడతాం తప్ప ఒక కుటుంబంలా కనపడం. గెజిటెడ్ ఆఫీసరు సంతకం తెమ్మంటారు, తెస్తాం, మమ్మల్ని ఎప్పుడూ చూడని ఆయన మేము మేమే అని రాసిస్తాడు, అప్పుడు ఆ ఆఫీసరుగారు ఏ రాష్ట్రం అని అడుగుతారు. వదిలేద్దాం.

అందుకని మా మావయ్య. అమ్మకి సొంత తమ్ముడు, బోర్డరుకి అవతల, శ్రీకాకుళం జిల్లాలో సొంతిల్లు. ఆంధ్రాలో ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్ అని వేస్తారు, మావయ్య ఏడాదికోసారి అది తిట్టుకుంటూ కట్టేస్తాడు. మా పన్ను రసీదులో నేనెంత వెతికినా ఆ ముక్క కనపడలేదు. మావయ్య జన్మలో పుస్తకం ముట్టి ఎరగడు, పంచాంగం కూడా అత్తయ్యే చూసి చెప్పాలి. అంటే ఆయన కడతాడు, చదవడు, మేం కట్టం, చదువుతాం. ఆర్థికశాస్త్రంలో దీనికేదో పెద్ద పేరు ఉండే ఉంటుంది గానీ మా అమ్మ మాత్రం దీన్ని పుట్టింటి వాళ్ళు పెట్టిన పసుపు కుంకుమ అంటుంది. మిగతా ఆడపడుచులకి ఎకరమో అరెకరమో ఇస్తే మా అమ్మకి పుట్టింటి వాళ్ళు కార్డిచ్చారు.

ఆ కార్డు గురించి కాస్త చెప్పాలి. గోధుమరంగు అట్ట, నాలుగు మూలలూ అరిగి గుండ్రంగా అయిపోయాయి, ఒక పక్క సెల్లో టేపు. ఫొటోలో మావయ్యకి జుట్టుంది కాబట్టి అది ఏ కాలం నాటిదో మీరే ఊహించుకోండి. సగం ఫొటో మీద సగం అట్ట మీద పడేలా వంకాయ రంగు సీలు వేశారు, అది సరిగ్గా ముక్కూ మీసం మీద పడింది, దాంతో ఆ మొహం ఎవరిదైనా కావచ్చు, మాకు దేవుడిచ్చిన వరం. వెనక్కి తిప్పితే ఈ కార్డు ఇతరులకు బదిలీ చేయరాదు అని ఉంటుంది. మేం చట్టాన్ని గౌరవించే కుటుంబం, కార్డుని ఏనాడూ బదిలీ చెయ్యలేదు, అది మావయ్య పేరు మీదే ఉంది, మేమే వంతులవారీగా మావయ్య అవుతున్నాం.

మొన్నామధ్య మా పిన్ని కొడుకు, ఏడో క్లాసు, వంతొచ్చి మావయ్యగా వెళ్ళాడు. లైబ్రేరియన్ గారు కార్డు చూసి, వీణ్ణి చూసి, మళ్ళీ కార్డు చూసి, పేరేంటి బాబూ అన్నారట. వాడు తడుముకోకుండా మావయ్య పేరు ఇంటిపేరుతో సహా చెప్పాడు. వయసు? యాభై ఎనిమిదండి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, రిటైర్మెంట్ దగ్గరకొచ్చేసింది కదు నాయనా, పెన్షన్ కాయితాలు పెట్టుకున్నావా అన్నారట. వీడు, అత్తయ్య చూసుకుంటుందండి అన్నాడు. పుస్తకాలిచ్చి పంపేశారు మహానుభావుడు, ఇలాంటి వాళ్ళుండబట్టే ఈ బోర్డర్లు ఇంకా మనుషులు దాటేలా ఉన్నాయి.

కార్డు మీద ఒకేసారి రెండు పుస్తకాలు, పదిహేను రోజులు. ఆ రెండింటి కోసం మా ఇంట్లో జరిగే సంప్రదింపులు చూస్తే సంకీర్ణ ప్రభుత్వాలు నడిపేవాళ్ళు సిగ్గుపడాలి. ఒక పుస్తకం శాశ్వతంగా నాయనమ్మది, భక్తి అనే పేరు చెప్పి తెప్పించుకుంటుంది, ఏ పుస్తకం తెచ్చినా ముందు హత్య ఎన్నో పేజీలో జరుగుతుందని అడుగుతుంది. రెండోదాని కోసం అమ్మ, చెల్లి, రైల్వే పరీక్షలు రాసే బాబాయి కొడుకు, గుణుపూర్‌లో కాపురముంటున్న మా అక్క. మా గుంటలు బడిలో ఒడియా చదువుతారు కాబట్టి వాళ్ళ కోసం పెద్దక్షరాల తెలుగు బొమ్మల పుస్తకం ఒకటి అప్పుడప్పుడు పోటీలోకి వస్తుంది, అందరూ దాన్ని మెచ్చుకుంటారు, ఎవరూ తమ వంతు వదులుకోరు.

అక్కకి పుస్తకం రైల్లో వెళ్తుంది. రాజావారు 1900లో నౌపడా నించి మా ఊరికి వేయించిన చిన్న రైలు లైను, తర్వాత గుణుపూర్ దాకా సాగింది, ఇప్పుడది పెద్ద లైనైపోయింది. అటు వెళ్ళే తెలిసినవాళ్ళ చేతికి, అరిసెల డబ్బా మీద పుస్తకం పెట్టి గుడ్డ సంచిలో కట్టి ఇస్తాం, అటు నించి వచ్చేటప్పుడు చివరి పేజీల్లో నూనె మరకలతో వస్తుంది, అరిసె రుచి ఎలా ఉందో వేరే ఫోన్ చేసి అడగక్కర్లేదు. 1935లో కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పితే చరిత్రలో రాశారు. మేం రైల్లో తిప్పుతున్నాం, మాకు మాత్రం లేటు ఫైను రాశారు. ఆ ఫైను ఎవరు కట్టాలన్న దాని మీద మా అక్కకీ బాబాయి కొడుక్కీ మాటల్లేవు, అక్క పుస్తకం ఆలస్యమై, తర్వాత వంతులో రావాల్సిన వాడి రైల్వే గైడు ఆగిపోయింది మరి.

ఇదంతా అక్రమం అనేవాళ్ళు ఒకసారి రంగనాథన్ గారిని చదవండి. మన దేశంలో లైబ్రరీ సైన్సుకి పెద్దదిక్కు, 1931లో అయిదు సూత్రాలు రాశారు, ఆయన పుట్టిన ఆగస్టు 12ని ఇప్పటికీ లైబ్రేరియన్ల దినం అంటారు. పుస్తకాలున్నది వాడుకోడానికి అన్నారు, వాడాం. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అన్నారు, చేతనైనంత చూస్తున్నాం. పాఠకుడి సమయం ఆదా చెయ్యమన్నారు, ఏడుగురు ఏడు ఫారాలు నింపకుండా చేశాం. గ్రంథాలయం పెరిగే ప్రాణి అన్నారు, మా అక్కకి ఇప్పుడు ఏడో నెల. అయిదింటిలో ఎక్కడా ప్రతి పాఠకుడికీ తన కార్డు అని లేదు, అంత పెద్దాయన మర్చిపోయి ఉంటారా?

అంతా సజావుగా జరుగుతుండగా కొంప ముంచింది మా చదువే. మామూలుగా ఒక మనిషి ఒక రకం పుస్తకాలు చదువుతాడు. మావయ్య కార్డు మీద మాత్రం నెల తిరక్కుండా అపరాధ పరిశోధన, హనుమంతుడి మహిమలు, ఊరగాయలు పెట్టే విధానం, రైల్వే అరిథ్‌మెటిక్, గర్భిణీ స్త్రీలు తీసుకోవలసిన జాగ్రత్తలు వెళ్ళాయి. రిజిస్టర్లో ఆ పేజీ చూసిన పైవాళ్ళెవరో చలించిపోయారు. ఈ రోజుల్లో ఇంత విస్తృతంగా చదివే మనిషి ఉన్నాడా, అందులోనూ ఆ వయసులో, అందులోనూ గర్భిణీ స్త్రీల గురించి! నవంబరు 14 నించి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా, ఆ వారంలో ఒక సాయంత్రం మా మావయ్యకి ఉత్తమ పాఠకుడిగా సన్మానం పెట్టారు.

ఆయన నేను రానంటే రానన్నాడు. ఏటే అప్పా ఇది, స్టేజీ మీద ఏదన్నా అడిగితే నేనేటి సెప్పాల, నా పరువేటవుతాది అని అమ్మ మీద ఎగిరాడు. అమ్మ, ఒరే తమ్ముడూ, నోర్మూసుకుని శాలువా కప్పించుకుని రా, నిన్నెవరూ ఏమీ అడగరు అంది. అడిగారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. మావయ్య మైకు పుచ్చుకుని చాలాసేపు చూసి, పుస్తకం చాలా మంచిది, తీసుకున్నవాళ్ళు టైముకి తిరిగి ఇచ్చెయ్యాల అని కూచున్నాడు. ఆ మాట గుణుపూర్ వైపు చూసి అన్నాడని మాకు తెలుసు. జనం మాత్రం నిండు కుండ తొణకదు అనుకుని చప్పట్లు కొట్టారు.

శాలువా మడత పెట్టి బీరువాలో పెట్టుకున్న రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదట. ఏం చదివి నాకింత పేరొచ్చిందో చూద్దామని కార్డు పట్టుకుని స్వయంగా లైబ్రరీకి వెళ్ళి ఒక డిటెక్టివ్ నవల తెచ్చుకున్నాడు. లైబ్రేరియన్ గారు గుర్తు పట్టలేదు, మావయ్యంటే చిన్నపిల్లాడని ఆయన లెక్క. వేలు లైను కింద పెట్టి, పెదాలు కదుపుతూ, రోజుకి రెండు పేజీల చొప్పున చదువుతున్నాడు, పదిహేను రోజులకోసారి రెన్యువల్ చేయిస్తున్నాడు, రెండో పుస్తకం కూడా తనే ముందు జాగ్రత్తగా తెచ్చి దిండు కింద పెట్టుకున్నాడు. కార్డు అడిగితే, నాది నాకొద్దా అంటున్నాడు. పెట్టిన పసుపు కుంకుమ వెనక్కి తీసుకున్న తమ్ముణ్ణి ఏ కాలంలోనైనా చూశామా అని అమ్మ ఏడుస్తోంది. నాయనమ్మ అయితే అన్నం తినే ముందు, వాడు ఎన్నో పేజీలో ఉన్నాడో కనుక్కో, హంతకుడెవరో నాకు తెలుసు, ఫోన్ చేసి చెప్పేస్తాను అని బెదిరిస్తోంది.

ఈ పరిస్థితుల్లో మా చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. అబ్బాయి ఆంధ్రా వైపు వాడై ఉండాలి, సొంతింటి పన్ను తన పేరు మీద కడుతుండాలి, ఆధార్‌లో ఇంటిపేరు ఇంటిపేరులాగే ఉండాలి. జీతం అటూ ఇటూ అయినా సర్దుకుంటాం, కట్నం విషయం కూచుని మాట్లాడుకోవచ్చు. చదివే అలవాటు మాత్రం అస్సలు ఉండకూడదు.