ఇంట్లో ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

పోలీసు భార్యకు భర్త డ్యూటీ వివరాలన్నీ తెలియాలని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. ఆ భార్య ఆందోళన మాత్రం నిజం. ఊళ్లోనే ఉంటాడా, రాత్రికి వస్తాడా, ఫోన్ కలవకపోతే స్టేషన్లో ఎవరిని అడగాలి, ఇవి బయల్దేరే ముందే చెప్పి తీరాలి. ఎక్కడికి, ఎవరి కోసం, కబురు ఎవరిచ్చారు అన్నవి వద్దు.

విశాఖలో గంజాయి కేసులే తీసుకోండి. "ఈ రాత్రి పాడేరు ఘాట్ కింద కాపు కాయాలి" అని ఇంట్లో అన్న మాట క్వార్టర్స్ మెట్ల మీదే పక్కింటికి చేరుతుంది. గంజాయి బండి దారి మారుతుంది. అంతకన్నా ఘోరం, కబురిచ్చినవాడి ప్రాణం మీదికొస్తుంది. సమాచారం ఎక్కడిదో చెప్పమని అధికారిని బలవంతపెట్టడానికి వీల్లేదని మాదకద్రవ్యాల కేసులకు వాడే ఎన్‌డీపీఎస్ చట్టం 68వ సెక్షనే చెబుతోంది. అలాంటిది వంటింట్లో చెప్పేస్తే ఎలా?

పిల్లలపై లైంగిక నేరాల కేసుల్లో, అంటే పోక్సో కేసుల్లో, బాధిత బిడ్డ పేరు చెప్పకుండా ఉంటే చాలదు. ఫలానా స్కూలు, ఎనిమిదో తరగతి, ఎంవీపీ కాలనీ అంటే ఎవరో తెలిసిపోతుంది. మీడియాకు పోక్సో చట్టం 23వ సెక్షన్ పెట్టిన నిషేధంలో స్కూలు, ఇరుగుపొరుగు వివరాలూ ఉన్నది అందుకే.

ఈమధ్య నోటికన్నా ఫోనే ఎక్కువ బయటపెడుతోంది. పంచనామా ఫొటోలు ఇంటిల్లిపాదీ వాడే గూగుల్ ఖాతాలోకి వాటంతటవే ఎక్కేస్తాయి. బ్యాకప్ ఆపాలి. వాట్సాప్ ఫొటోలు గ్యాలరీలోకి దిగే సెట్టింగ్ తీసేయాలి. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనపడనివ్వొద్దు. సీడీ ఫైలు, అంటే కేసు డైరీ, ఇంటికి తేనే వద్దు.

మనసు భారమైతే "ఈరోజు చిన్నపిల్ల కేసు చూశాను, కాసేపు పక్కన కూర్చో" అనొచ్చు. అందులో ఏ రహస్యమూ లేదు.