చావదు, చావనివ్వదు

మా సర్వర్ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి చచ్చి, నాలుగూ రెండుకి మళ్లీ పుడుతుంది. ఎవరో క్రాన్‌లో, అంటే వేళకు పనులు నడిపే సాధనంలో, రీస్టార్ట్ చెయ్యమని ఒక్క లైను రాసి వెళ్లిపోయారు. రాసినవాళ్లు ఇప్పుడు ఉద్యోగంలో లేరు, లైను మాత్రం ఉంది. ఇది సిగ్గుపడాల్సిన విషయమని, బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్లు (ప్రోగ్రాంలో తెరవెనక విడిగా నడిచే పనివాళ్లు) మెమరీ లీక్ చేస్తున్నాయేమో, అంటే అవసరం తీరిన మెమరీని వదలకుండా పట్టుకుంటున్నాయేమో, టెస్టులు రాసి చూడాలని టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు అంటున్నాడు. ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

ముందు థ్రెడ్డుకున్న హోదా ఏమిటో తెలుసుకోవాలి. జాన్ మెకార్తీ 1959 ప్రాంతంలో లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం గార్బేజ్ కలెక్షన్ (జీసీ) కనిపెట్టాడు. పేర్లూ పద్ధతులూ ఎన్ని మారినా అసలు సంగతి ఒకటే, ఎవరికీ అందని వస్తువును ఊడ్చెయ్యడం. మరి అందుతోందో లేదో ఎక్కణ్ణుంచి వెతకడం మొదలుపెట్టాలి? జావా భాషలో ఆ మొదలుపెట్టే చోట్లను జీసీ రూట్లు అంటారు, బతికున్న ప్రతి థ్రెడ్డూ ఒక రూటే. అంటే థ్రెడ్డు బతికున్నంతకాలం దాని చేతిలో ఉన్నదేదీ చెత్త కాదు, ఆ చేతిలో ఉన్నదాని చేతిలో ఉన్నదీ కాదు. మనం అమాయకంగా ఒక లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) రాసి, అందులో క్లాసులోని ఫీల్డు ఒక్కటి వాడతాం. దాంతో ‘దిస్’, అంటే ఆ ఫీల్డున్న వస్తువు, మొత్తం అందులోకి వచ్చి కూర్చుంటుంది, దాని వెనక స్క్రీనూ, స్క్రీను వెనక బొమ్మలూ, తీగ లాగితే డొంకంతా. ఇంత విశ్వాసంగా పట్టుకునేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు చెప్పండి?

‘డీమన్ థ్రెడ్డు చేసేశాం కదా, ఇంక లీక్ ఎలా అవుతుంది’ అని నేను మీటింగులో గంభీరంగా అడిగాను, సీనియర్లు తలలూపారు. డీమన్ అంటే ప్రోగ్రాం ముగిసేటప్పుడు జేవీఎం (జావా ప్రోగ్రాంను నడిపేది) దానికోసం ఆగదని మాత్రమే అర్థమట. ప్రోగ్రాం ముగియకపోతే డీమనూ ముగియదట. ఇలాంటి విషయాలు మీటింగులో అందరిముందూ చెప్పడం మర్యాద కాదు.

పోనీ ఆ థ్రెడ్డును ఆపేద్దామా అంటే, స్టాప్ అనే మెథడ్‌ను 1998లోనే వాడొద్దన్నారు, 2023లో వచ్చిన జావా 20 నుంచి దాన్ని పిలిస్తే ఎక్సెప్షన్ అనే ఎర్రర్ మొహాన కొడుతుంది. ఇక మిగిలింది ఇంటరప్ట్ చెయ్యడం, అంటే బతిమాలుకోవడం. మా కోడ్‌లో ఆ ఇంటరప్టెడ్ ఎక్సెప్షన్‌ను క్యాచ్ చేసి, చప్పుడు చెయ్యకుండా మింగేసి, మళ్లీ లూప్‌లోకి వెళ్లిపోతాం. మీరు ఎంత మర్యాదగా అడిగారో మేమూ అంతే మర్యాదగా వినలేదు. టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్) అయితే అప్లికేషన్ ఆపినప్పుడల్లా, ఫలానా పేరుగల థ్రెడ్డును మొదలుపెట్టారు, ఆపలేదు, మెమరీ లీక్ అయ్యే అవకాశం చాలా ఉంది అని లాగ్‌లో రాసి మరీ చెబుతుంది. దానికి తగిన చర్య మేం వెంటనే తీసుకున్నాం, ఆ వార్నింగులు కనబడకుండా లాగ్ లెవెల్ మార్చాం.

ఇక టెస్టుల సంగతి. మా దగ్గర రెండు వేలకు పైగా టెస్టులున్నాయి, అన్నీ పాసై పచ్చగా ఉంటాయి. మూడు సెకన్ల వయసున్న, ముక్కుపచ్చలారని టెస్టు వచ్చి, పొద్దంతా బతికే థ్రెడ్డు నడవడికకు సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లిపోతుంది. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

కుర్రాడికి అర్థమైందట. వాడు రాసిన టెస్టు ఇలా ఉంటుంది. సెషన్ వస్తువు ఒకటి తయారుచేసి, దానికి వీక్ రిఫరెన్స్ (జీసీకి అడ్డురాని వదులు పట్టు) ఒకటి చేతిలో ఉంచుకుని, తెరిచి, వాడి, మూసేసి, జీసీని పిలిచి, వీక్ రిఫరెన్స్ ఖాళీ అయిందా అని చూడటం. ఖాళీ అయితే పోయినట్టు, కాకపోతే ఎవరో పట్టుకున్నట్టు. అయితే జీసీని పిలవడం ఆజ్ఞ కాదు, మనవి మాత్రమే, అది వినాలనేం లేదు. అందుకని కాస్త ఆగి ఆగి మళ్లీ మళ్లీ పిలుస్తాడు. దింపుడు కళ్లం దగ్గర పోయినవాడు లేస్తాడేమోనని చెవిలో పిలుస్తారు, వీడేమో పోయిందో లేదో ఖాయం చేసుకోవడానికి పిలుస్తున్నాడు.

మొదటిసారి టెస్టు ఫెయిలైంది. వెతికితే ఆ వస్తువును పట్టుకున్నది టెస్టులోనే ఉన్న లోకల్ వేరియబుల్. లీక్ పట్టుకోవడానికి వచ్చినవాడి దగ్గరే లీక్! నాకు ఆ పూటంతా పండగే. కానీ వాడు తయారుచెయ్యడం, వాడటం వేరే మెథడ్‌లోకి మార్చాడు, టెస్టు మళ్లీ ఫెయిలైంది, ఈసారి దొరికింది మేమే. పూల్ (పనుల కోసం సిద్ధంగా ఉంచిన థ్రెడ్ల గుంపు)లోని థ్రెడ్డు తన థ్రెడ్‌లోకల్‌లో, అంటే తన సొంత అరలో, సెషన్‌ను దాచుకుంది. అందులో కీ మీద పట్టు వీక్, విలువ మీద పట్టు గట్టిది. తాళంచెవి పోయినా గదిలో సామాను గదిలోనే ఉంటుంది. పూల్‌లో థ్రెడ్డు పని అయ్యాక చావదు, తర్వాతి పనికి వెళ్తుంది, సామాను మోసుకునే వెళ్తుంది. మేం ఆ అర ఖాళీ చేసే రిమూవ్ పిలవడం మరిచిపోయామని వాడన్నాడు. మరిచిపోలేదు, అలాంటిదొకటి ఉందని మాకు తెలియదు.

అక్కడితో ఆగినా బాగుండేది. తెరవడం, మూయడం 500 సార్లు చేయించి థ్రెడ్ డంప్ (బతికున్న థ్రెడ్ల జాబితా) తీశాడు. జావాలో మనం థ్రెడ్లకు పేరు పెట్టకపోతే పూళ్లను నడిపే ఎగ్జిక్యూటర్లు తామే పెట్టుకుంటాయి, పూల్-1-థ్రెడ్-1 అని. ఎన్నో పూలో కూడా ఆ పేరులోనే ఉంటుంది. డంప్‌లో చివరి పేరు పూల్-500-థ్రెడ్-1. ప్రతి సెషన్‌కీ ఒక కొత్త పూల్, షట్‌డౌన్ ఒక్కదానికీ లేదు, అన్నీ ఖాళీ క్యూల ముందు నిలబడి ఎదురుచూస్తున్నాయి. 64 బిట్ (x64) లినక్స్ మీద ఒక్కో థ్రెడ్డు స్టాక్‌కి డిఫాల్టుగా ఒక మెగాబైటు చోటు కేటాయిస్తారు, అదంతా ఒక్కసారే నిండదు గానీ, హీప్ (వస్తువులుండే మెమరీ) గ్రాఫ్‌లో కూడా కనబడదు. మేం ఏడాదిగా హీప్ గ్రాఫ్ చూస్తూ, బానే ఉందే, మరి ప్రాసెస్ ఎందుకు ఉబ్బుతోంది అని టెన్షన్ పడుతున్నాం.

వాడి మార్పు మొత్తం కలిపి ఆరు లైన్లు. ఫైనల్లీలో (ఏం జరిగినా చివర నడిచే భాగంలో) షట్‌డౌన్, అది నిజంగా ముగిసేదాకా కొంచెంసేపు ఆగడం, థ్రెడ్‌లోకల్ రిమూవ్, పూల్‌కి ఒక పేరు. ఆ పేరు పెట్టడం ఒక్కటే నాకు నచ్చింది, అదైనా వాడితో అనలేదు. రివ్యూ నా దగ్గర ఉంది. ‘ఈ టెస్టు నలభై సెకన్లు తీసుకుంటోంది, బిల్డ్ నెమ్మదిస్తుంది, పునరాలోచించగలరు’ అని రాశాను, మూడు వారాలైంది.

ఈలోగా వాడకందార్లు పెరిగారు. సర్వర్ ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి కూడా చచ్చి పుడుతోంది. ఆ రెండో లైను నేనే రాశాను.