సబ్ వూఫర్ పెద్దది కొనేముందు రిసీవర్ మెనూ ఒకసారి తెరవండి

హైదరాబాద్‌లో ఎవరింట్లో కొత్తగా హోమ్ థియేటర్ పెట్టినా చుట్టాలకి ముందు చూపించేది ఫైట్ సీనే. సోఫా అదిరితే పైసా వసూల్. అదే సిస్టంలో ఇంట్లో గొడవ సీన్ పెట్టి, తండ్రి పాత్ర గొంతు తగ్గించి ఏమన్నాడో అర్థమైందా అని అడిగితే రిమోట్ కోసం వెతుకుతారు. దీనికి మందు ఇంకో పెద్ద సబ్ వూఫర్ (బేస్ కోసమే విడిగా పెట్టే స్పీకర్) అని షాపువాళ్లు చెబుతారు, మనమూ కోఠి గుజరాతీ గల్లీ వైపు బండి తీస్తాం. నేను చూసినంతలో చాలా ఇళ్లలో కొత్తగా రూపాయి పెట్టే పనే లేదు, ఉన్న సెట్టింగులు సరిచేస్తే చాలు.

ముందు స్పీకర్ సైజు సంగతి. స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే డబ్బా రిసీవర్, దాని మెనూలో లార్జ్, స్మాల్ అని రెండు ఉంటాయి. టవర్ స్పీకర్లకి అంత డబ్బు పోసినవాడికి వాటిని స్మాల్ అని పెట్టడం నామోషీ! కానీ అక్కడ స్పీకర్ ఎత్తుతో పనిలేదు, లోతు బేస్‌ని ఆ స్పీకరే మోయాలా, సబ్ వూఫర్‌కి మళ్లించాలా అన్నదే లెక్క. లార్జ్ అని వదిలేస్తే ఆరించుల కోన్ 30 హెర్ట్జ్ (ఈ అంకె ఎంత తగ్గితే శబ్దం అంత లోతు) కోసం ఆయాసపడుతుంది, రిసీవర్ పవర్ కూడా అక్కడే ఖర్చయిపోతుంది. కాబట్టి అన్నీ స్మాల్, క్రాసోవర్ (ఏ అంకెకి కింది శబ్దం సబ్‌కి మళ్లాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్. సినిమా సౌండ్ నాణ్యతకి ప్రమాణాలు పెట్టే సంస్థ టీహెచ్ఎక్స్ ప్రమాణంగా పెట్టుకున్న అంకె కూడా ఇదే. అంతకన్నా కింది శబ్దం ఎటువైపు నుంచి వస్తోందో చెవికి సరిగ్గా తెలియదు. అరచేతిలో పట్టే చిన్న స్పీకర్లయితే 120, 150 తప్పదు, కాకపోతే అక్కడ మగ గొంతులో కింది భాగం కూడా సబ్ వూఫర్‌లోకి పోతుంది, అందుకే అలాంటి సెట్లలో సబ్‌ని టీవీ పక్కనే ఉంచాలి.

సబ్ వెనకాల ఇంకో క్రాసోవర్ నాబ్ ఉంటుంది. రిసీవర్ ఆ పని చేస్తున్నప్పుడు దీన్ని చివరిదాకా తిప్పేయండి, లేదా ఎల్ఎఫ్ఈ అని రాసిన చోట పెట్టండి. మధ్యలో వదిలేస్తే వడపోసిందాన్నే మళ్లీ వడపోసినట్టవుతుంది, పైగా సినిమాల్లో బేస్ కోసమే విడిగా ఇచ్చే ఎల్ఎఫ్ఈ ఛానల్ 120 హెర్ట్జ్ దాకా ఉంటుంది కాబట్టి అందులో పైభాగం కోసుకుపోతుంది. ‘ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్’ అన్న ఆప్షన్ కొన్ని రిసీవర్లలో ఉంటుంది, ఒకే బేస్‌ని స్పీకర్లకీ సబ్‌కీ రెండింటికీ పంపుతుంది. నాకైతే అది మోత తప్ప ఏమీ కాదు.

మైక్ పెట్టి రిసీవరే శబ్దం కొలిచి సెట్టింగులు వేసుకునే ఆటో కాలిబ్రేషన్ మంచిదే. అయ్యాక మాత్రం ఒకసారి చూసుకోండి, టవర్లను అది చాలాసార్లు లార్జ్ అనే పెట్టేస్తుంది. మీరు కూర్చునే చోటికి సబ్ దూరం టేపుతో కొలిచిన దానికన్నా ఎక్కువ చూపిస్తే తప్పని దిద్దకండి, సబ్ లోపలి ప్రాసెసింగ్‌కి పట్టే ఆలస్యాన్ని కూడా కలిపే లెక్కేసి ఉంటుంది.

అసలు చిక్కంతా హాల్లోనే ఉంది. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులుంటే సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఆ రెంటి మధ్య నిలిచిపోతుంది. గోడల దగ్గర బలంగా, గది మధ్యలో దాదాపు మాయమైనట్టు. మియాపూర్ అయినా కొండాపూర్ అయినా మన ఫ్లాట్లలో సోఫా వెనక గోడకే ఆనుకుని ఉంటుంది, అంటే సరిగ్గా బేస్ పోగయ్యే చోటే కూర్చుంటున్నాం. దానికి తోడు ఇటుక గోడలు, కాంక్రీట్ స్లాబ్, కింద టైల్స్. కింది స్థాయి శబ్దం ఎటూ పోదు. డల్లాస్‌లో ఉన్న బావ వాట్సాప్‌లో పంపిన సెట్టింగులు ఇక్కడ దించితే బొయ్యిమనేది అందుకే. అక్కడి చెక్క ఫ్రేము, జిప్సం బోర్డు గోడలు బేస్‌ని కొంత మింగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. ఇక్కడ షోకేస్ అద్దం గలగలమంటుంది, వంటింట్లో స్టీలు గిన్నెల మూతలు దానికి తాళం వేస్తాయి.

దీనికి సబ్‌ని సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ లైన్ బాగా నడిచే పాట వేసి, గోడల వెంట వంగి తిరుగుతూ వినండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఏ నోటూ మిగతావాటిని మింగకుండా అన్నీ సమంగా వినపడే చోటు దొరికితే సబ్ అక్కడికి పోవాలి. మూల అయితే మోత ఎక్కువే, కానీ ఒకటే నోటు పట్టుకుని ఊగుతుంది. సబ్ మీద ఉండే ఫేజ్ స్విచ్ (సబ్ శబ్దపు అలని తిరగేసేది) 0, 180 మార్చి చూసి, సోఫాలో బేస్ నిండుగా వినిపించేది ఉంచుకోండి. బడ్జెట్ ఇంకా ఉందంటే పన్నెండించులది ఒకటి తెచ్చే బదులు ఎనిమిదించులవి రెండు వేరువేరు చోట్ల పెట్టమంటాను; హాలంతా హెచ్చుతగ్గులు తగ్గుతాయి.

ఇక పైఇంటివాళ్లు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. అయితే ఆ కొలత చెవికి వినపడే తీరుని బట్టి లెక్కేసే ‘ఏ’ వెయిటింగ్ మీద ఉంటుంది, అది 50 హెర్ట్జ్ శబ్దాన్ని 30 డెసిబెల్స్ దాకా తగ్గించి లెక్కేస్తుంది. అంటే శబ్దం కొలిచే ఫోన్ యాప్‌లో అంకె బాగానే కనిపిస్తున్నా పైన పసిపిల్ల ఉలిక్కిపడి లేవొచ్చు. సబ్ కింద రబ్బరు ప్యాడ్ వేస్తే నేల వణుకు కొంత తగ్గుతుందే గానీ గాల్లో పోయే బేస్ ఆగదు. పది దాటాక నైట్ మోడ్ (పెద్ద శబ్దాలకీ చిన్న శబ్దాలకీ మధ్య తేడా తగ్గించేది) పెట్టి, మెనూలో సబ్ లెవెల్ ఓ ఆరు డెసిబెల్స్ తగ్గించండి. సబ్ వెనకాల వాల్యూమ్ నాబ్ మాత్రం ముట్టుకోకండి, తెల్లారాక దాన్ని మళ్లీ ఎక్కడ పెట్టాలో గుర్తుండి చావదు.