చదరపు గడిలో ఇమిడే బొమ్మ

ఆన్‌లైన్‌లో బొమ్మలమ్మే చిత్రకారులు ఈమధ్య బొమ్మతో పాటు ఓ చిన్న వీడియో కూడా పెడుతున్నారు. తెల్లటి తెర మీద సన్నగా గీత మొదలవుతుంది, ముఖం తేలుతుంది, చీరకు రంగు పడుతుంది, జడలో పూలు దిగుతాయి. అరనిమిషంలో అంతా అయిపోతుంది. ఐప్యాడ్ మీద గీసేవాళ్ళు బాగా వాడే ప్రోక్రియేట్ యాప్ ప్రతి గీతనూ తనంతట తానే రికార్డు చేసి, వేగం పెంచి చేతిలో పెడుతుంది. చూస్తే ముచ్చటేస్తుంది. బొమ్మ ఎలా పుట్టిందో చూసేశామనిపిస్తుంది. నాకు మాత్రం అది పెళ్ళి వీడియో చూసి కాపురం సంగతి చెప్పినట్టుంటుంది.

ఎందుకంటే ఆ మొదటి గీత పడేసరికే చాలా సంగతులు తేలిపోయి ఉంటాయి. అమ్మడానికి గీసే బొమ్మ దగ్గర, ఏం గీయాలన్న ప్రశ్న కన్నా ముందు ఇంకోటి వచ్చి కూర్చుంటుంది: ఇది ఎంత సైజులో కనబడుతుంది? కొనేవాళ్ళు దాన్ని మొదట చూసేది ఫోన్లో, బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్ద గడిలో, చుట్టూ మరో అరడజను బొమ్మల మధ్య. స్క్రోల్ చేసే వేలు అక్కడ ఆగాలి. అందుకే చాలామంది ముందు తపాలా బిళ్ళంత రఫ్‌లు పదో పన్నెండో గీసుకుని, అంత చిన్నగా ఉన్నప్పుడు కూడా ఏది తెలుస్తోందో చూసుకుంటారు. అంగడి, పదిమంది మనుషులు, మేకలు, బేరాలు, వెనక చింతచెట్టు ఉన్న బొమ్మ ఆ పరీక్షలో తప్పుతుంది. నెగ్గేది ఒక ముఖం, పెద్ద బొట్టు, వెనక ఒకే పసుపు రంగు.

తెలుగుదనం పేరుతో బొమ్మలమ్మే పేజీలు ఓ నాలుగు వరసగా తెరవండి. ఆవకాయ జాడీ, ఇత్తడి గ్లాసులో కాఫీ, మల్లెపూల జడ. అన్నీ నట్టనడుమ, అన్నీ ఒంటరిగా. ఒకరిని చూసి ఒకరు గీయడం కొంత ఉంటుంది, కాదనను. కానీ అసలు కారణం, అందరి గడీ ఒక్కటే కావడం.

అమ్మే చోటు గీసే చేతిలోకి దూరడం కొత్తేమీ కాదు. రవివర్మ 1894లో బొంబాయిలో, రాతిపలక మీంచి బొమ్మలు అచ్చేసే లిథో ప్రెస్సు పెట్టించారు. ఆయన నూనె రంగుల బొమ్మల్లో ఒకదాన్లో ఒకటి కరిగే ఛాయలను విడదీసి, ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున ఎక్కించాలి. ఆ పని చేసింది ప్రెస్సులోని నిపుణులు. మన పూజగదుల్లోకి వచ్చిన లక్ష్మీ సరస్వతుల ముఖాల్లో రవివర్మ చెయ్యి ఎంతో, పేరు తెలియని ఆ రాతిపనివాళ్ళ చెయ్యీ అంత ఉంది. బాపు పత్రికలకు గీసిన కాలంలో బొమ్మ అచ్చుకోసం జింకు రేకు మీద చెక్కిన బ్లాకుగా మారేది. ఆ బ్లాకుకు నలుపు తెలుసు, తెలుపు తెలుసు. మధ్యలో నీడలు కావాలంటే చుక్కలుగా మార్చాలి, చవక న్యూస్‌ప్రింట్ మీద ఆ చుక్కలు అలుక్కుపోతాయి. మనం తెలుగు గీత అని మురిసిపోయే ఆ పొదుపు వెనక ఈ షరతు కూడా ఉందని నా అభిప్రాయం.

అయితే బ్లాకు నీడల్ని తీసేసిందే గానీ మనుషుల్ని తీసెయ్యలేదు. పత్రిక చేతిలో ఉన్న పాఠకుడు కథ చదువుతూ బొమ్మ వైపు నాలుగుసార్లు చూసేవాడు, మూలన నక్కిన పిల్లిని మూడోసారికి గానీ కనిపెట్టేవాడు కాదు. ఫోన్ గడి పెట్టే షరతు వేరు. అది చూసే టైమునే కోసేస్తుంది. గుడ్డ మీద గీసే చేర్యాల నకాషీ పటాలు గజాల పొడవునా కులపురాణాన్ని వరసగా చెప్పేవి. కథకుడు పటం చుట్ట విప్పుతూ పోతుంటే ఊరు రాత్రంతా కూర్చుని వినేది. ఇప్పుడు అదే ఎర్రటి నేపథ్యం మీద ఒక్క దృశ్యం ఫ్రేముకు సరిపడా వస్తోంది, ఆన్‌లైన్‌లో అమ్ముడవుతోంది. గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి ఆరబెట్టే పని మాత్రం అంతే ఉంది. దానివల్ల కళాకారుల ఇల్లు గడుస్తోంది కాబట్టి దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కథ మాత్రం తెగింది.

ఇక గీయడం అయ్యాక మొదలయ్యే పని గురించి వీడియోలు దాదాపు మాట్లాడవు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. తెర మీద భగ్గుమనే నారింజ, చిలకపచ్చ మామూలు నాలుగు రంగుల ముద్రణలో చప్పబడతాయి. అందుకే ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయడం, రంగు సరిచేయడం, మళ్ళీ తీయడం. ఏ3 సైజు శుభ్రంగా రావాలంటే ఫైలు దాదాపు 3508 బై 4961 పిక్సెళ్ళు ఉండాలి. చిన్నగా మొదలుపెట్టి తర్వాత సాగదీస్తే గీత అంచులు మెత్తబడిపోతాయి. చిత్రకారుడి డబ్బూ, టెన్షనూ ఎక్కువగా ఖర్చయ్యేది ఇక్కడే.

మాటల మాయ కూడా ఇక్కడే ఉంది. ‘జీక్లే ప్రింట్’ అంటే ఏదో ప్రాచీన ఫ్రెంచి కళ అనుకుంటాం. 1991లో అమెరికాలో జాక్ డుగాన్ అనే ముద్రణ నిపుణుడు ఇంక్‌జెట్ ప్రింటుకు పెట్టిన గౌరవప్రదమైన పేరది. మంచి కాగితం, రంగు వెలవని సిరా వాడితే ఆ గౌరవం న్యాయమే. పేరు ఒక్కటే వాడితే కాదు. అలాగే కింద పెన్సిల్‌తో 7/50 అని, అంటే యాభై ప్రతుల్లో ఇది ఏడోదని, రాసే అంకె. పూర్వం చెక్కిన రాగి రేకు అచ్చు వేసేకొద్దీ అరిగేది, అందువల్ల తొలి ప్రతులకు విలువ. ఫైలు అరగదు. యాభైతో ఆపడం కేవలం చిత్రకారుడి మాట. మాట తప్పితే పట్టుకునే దారి కొనేవాళ్ళకు దాదాపు లేదు.

చిత్రకారుల చేతిలోనూ అన్నీ లేవు లెండి. చేతిపనులూ బొమ్మలూ అమ్ముకునే ఆన్‌లైన్ అంగడి ఎట్సీ 2022 ఏప్రిల్‌లో అమ్మకం మీద రుసుమును 5 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. చాలామంది అమ్మకందారులు వారం పాటు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. తర్వాతా ఆ రుసుము తగ్గలేదు. కాగితం, ప్రూఫు, గొట్టం, కొరియరు, పైన ఈ కోత. ‘ఒక్క కాగితానికి వెయ్యి రూపాయలా’ అని అడిగేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది.

కిందటేడు నేనూ ఒక ప్రింటు కొన్నాను. వంటింటి గూట్లో రాగి చెంబు బొమ్మ. ఫోన్లో చెంబు నిప్పులా ఉంది, ఇంటికొచ్చింది ఇటుక రంగులో. ఆ మాటే రాశాను, కాస్త కోపంగానే. బొమ్మ గీసినావిడ సంజాయిషీ ఏమీ రాయలేదు. ఒక చిన్న కవరు పంపారు. అందులో వేలెడు వెడల్పున కాగితం పట్టీ, దాని మీద అదే చెంబు ముక్క ఆరుసార్లు, ఆరు రకాల ఎరుపులో. నాలుగోదాని కింద పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంది. పట్టీని కిటికీ దగ్గర పెట్టి చూశాను. మొదటి రెండూ మరీ పచ్చిగా ఉన్నాయి, ఆరోది మాడిపోయింది. నేనైతే మూడోదానికి టిక్కు పెట్టేవాణ్ణి.