తొందరకి ఇంత ధరా?

అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర హెచ్-1బి (ఉద్యోగ వీసా) ఎక్స్‌టెన్షన్ వేసి ఐదు నెలలైంది. రోజూ పొద్దున్నే స్టేటస్ చూస్తే అదే ముక్క: అప్లికేషన్ అందింది. అందితే చూడరేం?

ఫైలు త్వరగా చూడటానికి అదనంగా తీసుకునే ప్రీమియం కడదామంటే, 2024లోనే ఫీజు 2,500 నుంచి 2,805 డాలర్లకి పెంచేశారు. కంపెనీ ఏమో "అది నీ అవసరం, నువ్వే కట్టుకో" అంటోంది. మా ఇంటి అద్దెకన్నా ఎక్కువ! పోనీ పదిహేను రోజుల్లో తేలుతుందా? ఆ లెక్కనీ అదే ఏడాది పనిదినాలు చేశారు. శని, ఆదివారాలు పోతే మూడు వారాలు. మధ్యలో ఇంకో కాగితం అడిగారో, లెక్క మళ్ళీ మొదటికి!

పాత హెచ్-1బి గడువు దాటినా 240 రోజులు ఉద్యోగం చేసుకోవచ్చంటారు, సరే. మరి డ్రైవింగ్ లైసెన్సు? దాని గడువూ హెచ్-1బి తేదీతోనే ముడి, అది వచ్చే శుక్రవారం. కారు లేకపోతే ఈ టెక్సస్‌లో పాలు తెచ్చుకోవడం కూడా కష్టమే. అక్కడ అమ్మకి కంటి ఆపరేషన్. "ఎప్పుడొస్తావురా?" అంటే ఏం చెప్పను? మామూలు ఫైలుని నెలల తరబడి మూల పడేసేది వాళ్ళే, కదిలించడానికి డబ్బడిగేదీ వాళ్ళేనా?