ఎందుకు చేశాడో అడిగామా?

మధ్యాహ్న భోజనం గంట మోగగానే వరండాలో పళ్లేల చప్పుడు, వరుసలో తోపులాట మొదలవుతాయి. ఆటిజం ఉన్న ఒక బాలుడు రెండు చెవులూ మూసుకుని అరుస్తాడు, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే కొరుకుతాడు. శిక్షగా అతణ్ని దూరంగా చెట్టు కింద నిలబెడతారు. ఆ గోల నుంచి బయటపడాలన్నదే అతని ఆరాటం కనుక మనం శిక్ష అనుకున్నది అతనికి ఉపశమనమవుతుంది, మర్నాడు మళ్లీ కొరుకుతాడు. బడి దృష్టిలో మాత్రం అతను మొండివాడు.

సానుకూల ప్రవర్తనా మద్దతు అనే పద్ధతి ఇక్కడే మొదలవుతుంది. ఆ ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, బాలుడు ఏం చేశాడు, దానివల్ల అతనికి ఏం దక్కింది అన్న మూడు సంగతులనూ కొన్నాళ్ల పాటు రాసిపెట్టుకుంటే కారణం చాలావరకు బయటపడుతుంది. ఆపైన అతనికి పది నిమిషాలు ముందుగా భోజనం పెట్టడం, లేదా గోల భరించలేనప్పుడు చూపించడానికి ఒక బొమ్మ కార్డు ఇవ్వడం వంటి మార్గాలు తోస్తాయి. సాయం కోసమో, ఎదుటివారి దృష్టి కోసమో గొడవ చేసే పిల్లలకు వాటిని అడిగే తీరు నేర్పితే గొడవ తగ్గుతుందని ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ అనే అమెరికన్ పరిశోధకులు 1985లోనే చూపించారు.

దండం దశగుణం భవేత్ అన్న మాటను ఇప్పటికీ వల్లించే మన సమాజంలో దీన్ని గారాబంగా కొట్టిపారేసేవారు తక్కువేమీ కాదు. విద్యాహక్కు చట్టం 2009లోనే శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ఆటిజం సహా 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, మాట ద్వారా చెప్పలేనివారికి ప్రత్యామ్నాయ సంభాషణ మార్గాలను ప్రోత్సహించాలని ప్రభుత్వాలకు నిర్దేశించింది. కొట్టవద్దన్న చట్టం గురించి ఉపాధ్యాయులకు తెలుసు. కొట్టకుండా ఏం చేయాలో వారికి నేర్పిందెవరు? యాభై మంది పిల్లలున్న తరగతిలో ఒంటరిగా నిలబడిన ఉపాధ్యాయిని అసహనాన్ని తప్పుపట్టడం తేలికే గానీ, అది న్యాయం కాదు.

ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్న ప్రమాణాన్ని 2021లో ముందుకు తెచ్చిన సుప్రీంకోర్టు, ఆ పోస్టులను నోటిఫై చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించవలసి వచ్చిందంటే, మూడున్నరేళ్లలో ఆ తీర్పుకు దక్కిన మన్నన ఎంతో తెలుస్తూనే ఉంది. మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచీ సికింద్రాబాద్‌లోనే ఉంది, ప్రత్యేక విద్యలో శిక్షణ ఇస్తోంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలున్నాయి. పునాది ఉన్నచోట గోడలు లేపకపోవడానికి సాకులు చెల్లవు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ పద్ధతి పేరిట పిల్లలను కదలకుండా కూర్చోబెట్టడమే లక్ష్యంగా మారే ప్రమాదముంది. చేతులు ఆడించడం, ముందుకూ వెనక్కూ ఊగడం వంటివి ఎవరికీ హాని చేయవు. పైగా ఆ పిల్లలకు అవి ఊరట. వాటిని మాన్పించవద్దని పెద్దవారైన ఆటిజం ఉన్నవారే ఎన్నోచోట్ల గట్టిగా చెబుతున్నారు. మార్చవలసినది ముందుగా గోలను, హడావిడిని, పెద్దల మాటతీరును. హఠాత్తుగా పెరిగిన అరుపుల వెనుక పంటినొప్పో, చెవిపోటో ఉందేమో చూడటం అన్నిటికంటే ముందు జరగాలి.

పోస్టుల భర్తీకి సమయం పడుతుందనుకున్నా, సాధారణ ఉపాధ్యాయుల వృత్త్యంతర శిక్షణలో ఈ పరిశీలనా పద్ధతికి రెండు రోజులు కేటాయించడానికి కోర్టు ఆదేశం అక్కర్లేదు. ప్రత్యేక అవసరాలున్న ప్రతి విద్యార్థికీ తల్లిదండ్రులతో కలిసి రాసిన ఒక పేజీ ప్రణాళిక బడిలో ఉండాలని, దాన్ని మధ్యాహ్న భోజనం వడ్డించే ఆయా సహా అందరికీ చదివి వినిపించాలని రెండు ప్రభుత్వాలూ వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా ఉత్తర్వులివ్వాలి.